వగరు ఎక్కడికి పోయిందంటే..

ఈ వారం నేను ఎత్తుకున్న సంగతి చూసి మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. "ఇన్నాళ్లూ పచ్చళ్లూ పొడులూ చెప్పిన మనిషి, ఇప్పుడు వైన్ గురించి రాస్తోందేంటమ్మా!" అనుకుంటారు. మావారు కూడా కాగితాలు చూసి, "ఇది నిజంగా పత్రికకే పంపుతున్నావా?" అని రెండుసార్లు అడిగారు. పంపుతున్నానండీ. ఎందుకంటే ఇవాళ మన పిల్లలు ఎక్కడెక్కడో ఉంటున్నారు. వాళ్ల పురుళ్లకనీ, పుట్టినరోజులకనీ మనమూ వెళుతున్నాం. అక్కడి ఇరుగుపొరుగు భోజనానికి పిలిస్తే బల్ల మీద సీసా ఉంటుంది. అదేమిటో, ఎందుకు పెట్టారో, ఎప్పుడు వద్దనాలో తెలిసి ఉండటం మంచిది కదూ!

2024 ఆగస్టు ఆఖర్లో మా అమ్మాయి పురుడు పొయ్యడానికి స్పెయిన్ వెళ్లాను. వాళ్లు ఉండేది ఉత్తరాన, సముద్రానికి దగ్గరగా, బిల్బావో అనే ఊళ్లో. పక్క వాటాలో ఎనభై ఏళ్లకు దగ్గరపడిన పెద్దావిడ ఉంటారు. అందరూ ఆవిడని అబ్వేలా అని పిలుస్తారు. అంటే అమ్మమ్మ అన్నమాట. మా అమ్మాయి నీళ్లోసుకుందని తెలిసిన దగ్గర్నించీ గిన్నెలో సూపు పట్టుకొచ్చి తలుపు కొట్టేదట. నేను వెళ్లాక ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. అయినా ఇద్దరం వంటింట్లో చేరితే గంటలు గడిచిపోయేవి. ఉల్లిపాయ తరగటానికీ, కూర కలపటానికీ భాషతో ఏం పనండీ!

ఆవిడ పుట్టిల్లు రియోహా అనే సీమలో. ద్రాక్షకు పేరుపడ్డ చోటు. తమ్ముడు ఇప్పటికీ అక్కడే తోట చేస్తాడు. సెప్టెంబరులో కోతలు మొదలయ్యే ముందు ఒక శనివారం మమ్మల్ని భోజనానికి రమ్మంది. అమ్మాయికి ఎనిమిదో నెల. డాక్టరమ్మ సరేనన్నాకే బయల్దేరాం. కారు అబ్వేలా కొడుకుది, వంద కిలోమీటర్ల దారి. ఆ పల్లెకు దగ్గరి పట్నం పేరు ఆరో. "ఆరోది సరే, ఐదోది ఎక్కడే?" అన్నాను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమిటో చెప్పమని అబ్వేలా ఒకటే గొడవ. అర్థం చెప్పాక ఆవిడా నవ్వింది.

బిల్బావో వైపు ఎటు చూసినా పచ్చదనం, ఎప్పుడూ తుంపర. కొండలు దాటామో లేదో నేల రంగు మారిపోయింది. ఎర్రమట్టి, సుద్దమట్టి, ఎండ. సముద్రం మీంచి వచ్చే వానమబ్బుల్ని ఆ కొండలు ఆపేస్తాయట. కింద ఎబ్రో నది. దాని చుట్టూ ఎటు చూసినా ద్రాక్షే. మన హైదరాబాదు పక్కన పందిళ్ల మీద పాకే ద్రాక్షను చూసిన కళ్లకు ఆ పాత తోటలు వింతగా కనిపించాయి. పందిరి లేదు, తీగె లేదు. మోకాలెత్తు మొద్దులు, వంకరటింకర కొమ్మలతో ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడి ఉన్నాయి.

అబ్వేలా తమ్ముడు ఒక గుత్తి కోసి నా చేతిలో పెట్టాడు. గింజ చిన్నది, తొక్క మందం, లోపల విత్తులు. ఒక పండు నలిపి చూపించాడు. కారిన రసం తెల్లగా నీళ్లలాగే ఉంది! నల్లద్రాక్షలో రసం కూడా నల్లగానే ఉంటుందని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. రంగంతా తొక్కలోనే ఉంటుందట. అందుకే ఎర్ర వైన్ చేసేటప్పుడు తొక్కా విత్తులూ తియ్యకుండా రసంలోనే నానబెట్టి పులియబెడతారు. రసంలోని తీపి పులిసి మద్యంగా మారుతుంది. తొక్కలోని రంగు, తొక్కలోనూ విత్తుల్లోనూ ఉండే వగరు రసంలోకి దిగుతాయి. ఆ వగరు పదార్థాలకు టానిన్లని పేరు. మన వక్కలో, నేరేడు పండులో, అరటిపువ్వులో, ఎక్కువ మరిగిన టీలో ఉన్నది ఆ జాతి వగరే.

రియోహా ఎర్ర వైన్ చాలావరకు ఒక్క రకం పండుతో చెయ్యరు. ఇది నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటారా? మా ఇంట్లో కాఫీపొడి కొనేది నేనే కాబట్టి! కొట్టువాడితో మనం ఏమంటాం? "పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత, చికోరీ ఇంత కలిపి ఆడించవయ్యా" అంటాం. ఒకటి వాసనకు, ఒకటి చిక్కదనానికి, ఒకటి రంగుకు. ఇక్కడా అంతే.

పెద్ద పాలు తెంప్రానీయో అనే ద్రాక్షది. వాళ్ల భాషలో 'తెంప్రానో' అంటే తొందరగా అని. మిగతావాటికంటే ముందే పండుతుంది కనుక ఆ పేరు. రంగూ, చెర్రీ పండు లాంటి రుచీ, ఒంటికి ఆకారం ఇచ్చే ఎముకల గూడూ ఇదే. రెండోది గర్నాచా. ఇది ఎండను ఓర్చుకునేది. తియ్యగా పండుతుంది కాబట్టి వైన్‌కు ఘాటూ నిండుదనమూ ఇస్తుంది. మూడోది మాసువేలో. పులుపు, వగరు, రంగు దీని వంతు. నాలుగోది గ్రాసియానో. కాపు తక్కువ, ఆలస్యంగా పండుతుంది, రైతుకు విసుగు తెప్పిస్తుంది. కానీ చిటికెడు ఇంగువ పులుసును ఎలా మార్చేస్తుందో అలా కొంచెం కలిస్తే చాలు, వాసన మారిపోతుంది. ఎక్కువ కాలం నిలవుండే గుణం కూడా ఇస్తుంది. ఏది ఎంత కలపాలన్నది ఎవరి ఇంటి లెక్క వారిది. ఆ సంవత్సరం ఎండలనుబట్టి, వానలనుబట్టి కూడా మారుతుంది. ఉప్పుతో సహా అన్నీ కొలతల ప్రకారమే వేసే కోడలి వంటకూ, కళ్లతో చూసి వేసే అత్తగారి వంటకూ ఉన్న తేడా అక్కడా ఉందన్నమాట!

తరువాత చెక్క పీపాల్లో పోసి ఉంచుతారు. ఒక్కో పీపా 225 లీటర్లు. ఈ అలవాటు బాగా పెరగటం వెనక ఒక చిన్న పురుగు కథ ఉంది. 1860ల తరువాత ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటల్ని వేరుపురుగు తినేసింది. అక్కడి బోర్డో వ్యాపారులు వైన్ కోసం కొండలు దాటి రియోహా వచ్చారు. తమ పీపాల పద్ధతిని అక్కడ మరింత గట్టిపరిచారు. రైలు అప్పటికే ఆరో ఊరికి వచ్చి ఉంది. 1877లో ఒకటి, 1879లో ఒకటి ఆ స్టేషను పక్కన మొదలైన వైన్ సంస్థలు ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. ఆ తరువాత పురుగు రియోహాకూ రానే వచ్చింది. అమెరికా ద్రాక్ష వేరు మీద తమ కొమ్మను అంటు కట్టాకే తోటలు మళ్లీ లేచాయట. మన మామిడి అంటు లాగే. పీపాలకు ఎక్కువగా అమెరికా ఓక్ చెక్క వాడుతూ వచ్చారు. అందులోంచే వెనీలా వాసన, కొబ్బరి వాసన వస్తాయి. ఎవరూ వెనీలా ఎసెన్సు కలపరు సుమండీ!

ఇక భోజనం. పెరట్లో తమ్ముడు ఎండు ద్రాక్షకొమ్మలు మంట పెట్టాడు. చలికాలంలో కత్తిరించిన కొమ్మలు కట్టలు కట్టి దాచుకుంటారు. మంట భగ్గున మండి చల్లారి నిప్పులయ్యాక వాటి మీద జల్లెడ లాంటి ఇనప చట్రం పెట్టి, లేత గొర్రెపిల్ల పక్కటెముకల ముక్కలు కాల్చారు. మసాలా లేదు, కారం లేదు. ఒట్టి ఉప్పు. ఇంకా బంగాళాదుంపల కూర ఉంది. అందులో ఎండు ఎర్రమిరపకాయల గుజ్జు, పందిమాంసంతో చేసిన చోరీసో అనే సాసేజి వేస్తారు. దుంపను కత్తితో నున్నగా కొయ్యరు. సగం కోసి విరుస్తారు. అలా విరిస్తే పిండి బయటికి వచ్చి పులుసు చిక్కబడుతుందని అబ్వేలా చేసి చూపించింది. ఆ ఎర్రరంగు చూసి నోరు మండుతుందనుకున్నాను. చిటికెడు కారం కూడా లేదు! వాళ్ల మిరపకాయ రంగుకూ రుచికీ, మంటకు కాదు. కాల్చి తొక్క తీసిన ఎర్ర మిరపకాయలు, గొర్రెపాల జున్ను, రొట్టె. మధ్యలో సీసా.

అబ్వేలా అందరికీ పోసింది. మా అమ్మాయి గ్లాసులో కూడా రెండు వేళ్లంత పోసి, పొట్ట మీద చెయ్యేసి ఏదో అంది. "రక్తం పడుతుందట అమ్మా" అంది అమ్మాయి, నా మొహం వంక చూస్తూ.

నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. పెద్దావిడ. ప్రేమగా పోసింది. ఆవిడ ఇంట్లో కూర్చుని ఆవిడ చేతిది కాదనటం ఎలా? మన దగ్గర కూడా బాలింతకు చలువ చెయ్యకుండా ఉంటుందని బ్రాందీ చుక్క పట్టించిన ముసలమ్మలు లేరూ! వాళ్లదీ ప్రేమే. కానీ గర్భిణి తాగిన మద్యం రక్తంలోంచి నేరుగా బిడ్డకు చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల హద్దు లేదు. డాక్టర్లు పూర్తిగా వద్దనే అంటారు. "చెప్పవే, డాక్టరమ్మ వద్దందని చెప్పు. పెద్దవారు తప్పుగా అనుకోవద్దని కూడా చెప్పు" అన్నాను. అబ్వేలా ఒక్క నిమిషం నా వంక చూసింది. కోపం వచ్చిందేమో అనుకున్నా. గ్లాసు తీసుకుని తన గ్లాసులోకి ఒంపుకుని లోపలికి వెళ్లింది. ఇంకో సీసాతో వచ్చింది. మోస్తో అంటారు దాన్ని. పులియబెట్టని ద్రాక్షరసం. అక్కడ బార్లలో కూడా దొరుకుతుంది. అదే వైన్ గ్లాసులో అమ్మాయికి పోసి, అందరితో పాటు గ్లాసు ఎత్తమంది. మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు నా వంతు వచ్చింది.

దీనికి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు నేను ఎనిమిదో తరగతి. అక్షరదీపం రాత్రి బడుల్లో నాలుగు అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు మొదలుపెట్టిన ఆ గొడవ మా ఊరికీ పాకింది. మా అమ్మ చీపురు పట్టుకుని వెళ్లిన గుంపులో ఉంది. మా నాన్న ప్యాకెట్టు సారా తాగేవాడు. కూలి డబ్బులు ఇంటికి రావటం, రాకపోవటం ఆ ప్యాకెట్టు చేతిలో ఉండేది. 1993లో సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అప్పటికి మా నాన్న లేడు. మద్యం వాసన తగిలితే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. పెళ్లి చూపుల్లో నేను అడిగించిన ఒకే ఒక్క ప్రశ్న, అబ్బాయి తాగుతాడా అని.

అలాంటి నేను ఆ రోజు రెండు చెంచాలంత రుచి చూశాను. ఎందుకు చూశానంటే ఏం చెప్పను? ఒకటి, ఇంతసేపూ కాఫీపొడి లెక్కలా విని, ఆ నాలుగు పండ్లూ కలిస్తే ఏమవుతుందో చూడాలన్న వంటమనిషి బుద్ధి. రెండు, నేను అరవై ఏళ్లొచ్చినా ఆ వాసనకు భయపడుతూనే ఉంటానా అన్న పంతం. ఇష్టం లేనివాళ్లు చూడక్కర్లేదు. నన్ను చూసి ఎవరూ మొదలుపెట్టనూ వద్దు.

అబ్వేలా సైగలతోనే పాఠం చెప్పింది. ముందు వాసన చూడు అంది. చూశాను. సారా కంపు కాదు. నేరేడు పండు, కొంచెం వెనీలా, ఎండు ఖర్జూరం, అమ్మమ్మగారి చెక్క భోషాణం మూత తీస్తే వచ్చే వాసన. తరువాత ఉత్తి నోటితో ఒక చుక్క. పులుపు తగిలింది, వెంటనే వగరు! పచ్చి వక్క నమిలినట్టు నాలుకా చిగుళ్లూ ముడుచుకుపోయాయి. "దీన్నా ఇంత మెచ్చుకునేది!" అనుకున్నా. ఇప్పుడు మాంసం ముక్క కొరుకు అంది. కొవ్వు కాలి కరకరలాడుతున్న ముక్క. అది నమిలి మళ్లీ ఒక చుక్క. ఆశ్చర్యం, వగరు లేదు! పండు రుచి మిగిలింది, మాంసం జిడ్డు నాలుక మీంచి కడిగినట్టు పోయింది.

వగరు ఎక్కడికి పోయిందంటే.. ఈ ప్రశ్నకు జవాబు మన వంటింట్లోనే ఉందండీ. వగరు పదార్థాలకు ప్రోటీన్లంటే మహా ఇష్టం. ఒట్టి నోట్లో మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. అందుకే నోరు ఎండిపోయినట్టుంటుంది. మాంసమో జున్నో ఉంటే దాని ప్రోటీనును పట్టుకుని మన నాలుకను వదిలేస్తాయి. కొవ్వు నాలుక మీద పొరలా ఉండి కాపాడుతుంది. ఎక్కువ మరిగిన టీలో పాలు పోస్తే వగరు తగ్గేది ఇందుకే. అరటిపువ్వు తరిగి మజ్జిగలో వేసేదీ ఇందుకే! మన నాయనమ్మలు పుస్తకం చదివి వేశారా? నోటితో తెలుసుకుని వేశారు. రియోహా వాళ్లూ అంతే. గొర్రెలు మేసే కొండలూ, ద్రాక్ష పండే లోయా పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికొకటి జత కుదిరింది.

భోజనం రెండున్నర గంటలు సాగింది. కారు నడపాల్సిన కొడుకు మంచినీళ్లే తాగాడు. లేచేసరికి సీసాలో ఇంకా నాలుగు వేళ్ల వైన్ మిగిలింది. అబ్వేలా బిరడా బిగించి దాన్ని అలమరలో పెట్టింది, మనం మిగిలిన నెయ్యి గిన్నె మీద మూత పెట్టినట్టు. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. మా ఇంట్లో మిగలటం అన్నది నేను ఏనాడూ చూడలేదు.

అలాగని అక్కడంతా దేవతలే ఉన్నారని రాయను. గిన్నెలు తుడుస్తూ అమ్మాయి చేత అడిగించాను, "మీవాళ్లలో ఎవరూ ఎక్కువ తాగరా?" అని. అబ్వేలా చేతులు తుడుచుకుంది. "మా పెద్దన్న. పొద్దున్నే బారు తలుపు దగ్గర ఉండేవాడు. తోటలో తన వాటా అమ్మేశాడు. యాభై రెండేళ్లకే పోయాడు" అంది. ఇంక మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మిగతా గిన్నెలు తుడిచేశాం.

మనవడు అక్టోబరు ఆఖర్లో పుట్టాడు. ఇరవై ఒకటో రోజు బారసాల చేసి, ఆ ఆదివారం అబ్వేలా కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. ఆవిడ ఒక క్రియాన్సా సీసాతో వచ్చింది, అమ్మాయికి మోస్తోతో సహా. బిడ్డకు పాలిస్తోంది కదా! ఆ రోజు మన వంటలతో ఆ వైన్ ఎలా నడిచిందో దగ్గరుండి చూశాను. మీకూ పనికొస్తుంది.

ఆవకాయన్నం తిని ఒక గుక్క తాగింది అబ్వేలా. అంతే, పొలమారి కళ్లెమ్మట నీళ్లు! కారం మీద మద్యం పడితే మంట రెట్టింపవుతుంది, వగరు కూడా పెరిగినట్టుంటుంది. గబగబా పెరుగన్నం పెట్టాను. చేపల పులుసుతో ఇంకా ఘోరం. చేప నూనెకూ ఎర్ర వైన్‌లోని ఇనుముకూ పడదు, నోట్లో తుప్పు రుచి వస్తుంది. పైగా చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. పాయసంతో అయితే వైన్ పుల్లగా, చేదుగా మారింది. ఏది కుదిరిందంటారా? కారం తగ్గించి గసగసాలూ కొబ్బరీ నూరి వండిన వేటమాంసం కూర బ్రహ్మాండంగా కుదిరింది. గుత్తి వంకాయలో చింతపండూ కారమూ తగ్గించి, వేరుశనగపప్పూ నువ్వులూ ఎక్కువ వేశాను. అదీ సరిపోయింది. మిరియాల పొడి చల్లిన పుట్టగొడుగుల వేపుడు ఇద్దరు మళ్లీ వేయించుకున్నారు. వాళ్ల పెద్దపట్నం లొగ్రోన్యోలో లౌరెల్ అనే వీధి ఉంది. రొట్టెముక్క మీద వెల్లుల్లి వేసి కాల్చిన పుట్టగొడుగుల్ని పేర్చి అమ్మటానికి ఆ వీధి పేరుమోసిందట. మాంసం తిననివాళ్లకు జున్ను, పనీరు, రాజ్మా బాగుంటాయి.

విదేశాల్లో ఎవరింటికో తీసుకెళ్లాల్సి వచ్చి, కొట్లో నిలబడి తికమకపడే పిల్లల కోసం ఇంకో మాట. రియోహా సీసా వెనకవైపు చిన్న ముద్ర కాగితం అంటించి ఉంటుంది. పచ్చరంగుదైతే మామూలుగా లేత వైన్, వయసు షరతు లేనిది. ఎరుపైతే క్రియాన్సా, కనీసం రెండేళ్ల వయసు, అందులో ఒక ఏడాది పీపాలో. ముదురు ఎరుపైతే రెసెర్వా, మూడేళ్లు. నీలమైతే గ్రాన్ రెసెర్వా, ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. లేతదానిలో పండు రుచి, ముదిరినదానిలో ఎండుపండు, తోలు, పొగాకు వాసనలు. పాత ఆవకాయకూ కొత్త ఆవకాయకూ ఉన్న తేడా అనుకోండి. ఎక్కువ ధరది అన్నిటికీ నప్పుతుందనేం లేదు. దుంపల కూరకు క్రియాన్సానే చాలంటుంది అబ్వేలా. ఐసులా చల్లగా ఇస్తే వగరు పెరుగుతుంది, మన వేసవి వేడిలో ఇస్తే మద్యం ఘాటు ముక్కుకు కొడుతుంది. పదహారు నుంచి పద్దెనిమిది డిగ్రీలుంటే చాలు.

వంద మిల్లీలీటర్లలో పదమూడు, పద్నాలుగు మిల్లీలీటర్లు మద్యమే అన్నది మాత్రం మరిచిపోకండి. ఎర్ర వైన్ గుండెకు మంచిదని ఒకప్పుడు చాలా రాశారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఒంటికి ముప్పు లేని మోతాదంటూ ఏదీ లేదని తేల్చి చెప్పింది. మద్యం క్యాన్సరు కారకాల్లో ఒకటి కూడాను. మందు అనుకుని ఎవరూ తాగకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మాత్రలు వేసుకునేవాళ్లు, బండి నడిపేవాళ్లు మొహమాటానికి పోకుండా వద్దనెయ్యాలి. అబ్వేలా లాంటివాళ్లు అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోనివాళ్ల ఇంట్లో తాగకపోవటమే మంచిది.

తిరిగి వచ్చాక అమ్మను చూడటానికి ఊరు వెళ్లాను. దాచబుద్ధి కాలేదు. మునిమనవడి ఫోటోలు చూపిస్తూ ఆ భోజనం సంగతీ, రెండు చెంచాల సంగతీ, సీసాలో మిగిలిన సంగతీ చెప్పాను. అమ్మ కాసేపు ఫోనులో బిడ్డనే చూస్తూ కూర్చుంది. "మీ నాయన కూడా మొదట్లో పండగకే తాగేవాడు" అంది. తిట్టలేదు. ఆ ఒక్క మాటే. తరువాత, "ఆ ముసలామె బాలింతకు ఏం వండి పెట్టింది?" అని అడిగింది. అమ్మ మాట నిజమే. అలమరలో పెట్టిన సీసా కూడా నిజమే. నాకు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చెప్పి ఇంకొకటి దాస్తే మీకు అబద్ధం రాసినట్టవుతుందని రెండూ రాశాను.

అమ్మ అడిగినదానికి జవాబుతో ముగిస్తాను. ఆ సీమలో పియర్ పండ్లను ఎర్ర వైన్‌లో ఉడికించి తీపి చేస్తారు. ఉడికిస్తే మద్యం ఆవిరైపోతుందంటారు గానీ పూర్తిగా పోదు. అందుకని అబ్వేలా మా అమ్మాయికి ద్రాక్షరసంతో చేసి పెట్టింది. మీరూ చెయ్యండి. గట్టిగా ఉన్న పియర్ పండ్లు నాలుగు తొడిమ ఉంచి చెక్కు తియ్యండి. గింజలున్న నల్లద్రాక్ష కిలో తీసుకుని, తొక్కతో సహా సన్నని సెగన పది నిమిషాలు ఉడికించి వడగట్టండి. ఆ రసంలో అంగుళం దాల్చినచెక్క, రెండు లవంగాలు, నారింజ తొక్క చిన్న ముక్క, సగం నిమ్మకాయ రసం, రెండు చెంచాల పంచదార వెయ్యండి. పండ్లు అందులో పెట్టి, మధ్యమధ్య తిప్పుతూ, అరగంట సన్నని సెగన ఉంచండి. పండ్లు తీసి రసాన్ని తేనెలా చిక్కబడనిచ్చి పైన పొయ్యండి. చల్లారాక తినాలి. కొంచెం వగరు తగిలితే పక్కన మీగడ పెట్టుకోండి. వగరు ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీకూ తెలుసుగా!

వచ్చేవారం చలికాలపు పొడులతో కలుసుకుందాం.